ఫారో దీవుల్లో తిమింగలం భోజనానికి పిలిచారు, ఏం చేయాలి?

కోపెన్‌హాగెన్ కోడలు:
వచ్చే నెల మేమిద్దరం ఉత్తర అట్లాంటిక్‌లో డెన్మార్క్ కిందున్న ఫారో దీవులకు వెళ్తున్నాం. మా ఆఫీసులో పనిచేసే ఆవిడది అక్కడి రాజధాని టోర్స్‌హావ్న్. వాళ్ల అమ్మగారింట్లో ఒక పూట భోజనానికి రమ్మన్నారు. ఏం వండుతారని అడిగితే, పోయిన వేసవిలో తమ వాటాకు వచ్చిన తిమింగలం మాంసం ఫ్రీజర్‌లో ఉందని, మా కోసమే దాచి ఉంచారని సంబరంగా చెప్పింది. నేను భీమవరం పిల్లను, చేపలంటే వెనుకాడను. కానీ అక్కడి తిమింగలాల వేటలో రక్తంతో ఎర్రబడిన సముద్రం ఫోటోలు చూశాక మనసు ఒప్పుకోవడం లేదు. పెద్దావిడ ప్రేమగా పెడితే కాదనడం ఎలా? ఇంకో సంగతి, మేము పిల్లల కోసం చూస్తున్నాం. అది తింటే ఇబ్బందేమైనా ఉందా? అక్కడ ఉండి వచ్చినవారు చెప్పండి.

నల్లమల చుక్క:
ఆ భోజనానికే వెళ్లకండి. సూపర్‌మార్కెట్లో అన్నీ దొరికే ఈ రోజుల్లో తిమింగలాలను ఒడ్డుకు తరిమి నరకడమేమిటి? సంప్రదాయమంటే సరిపోతుందా?

ఉత్తరపుగాలి:
నేను టోర్స్‌హావ్న్‌లో కొన్నేళ్లు సాల్మన్ చేపల పెంపకం కంపెనీలో పనిచేశాను. చెల్లీ, ముందు మీ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను. తినవద్దు. ఈ మాట ఫారో ఆహార శాఖ వాళ్లే చెబుతారు. పెద్దవాళ్లు నెలకు ఒక పూటకు మించి తినవద్దని 2011లో సలహా ఇచ్చారు. గర్భం కోసం చూస్తున్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు మాంసం ముట్టుకోకూడదు. పిల్లలను కనాలనుకునే ఆడవాళ్లు కొవ్వు జోలికే పోకూడదు. కాలేయం, మూత్రపిండాలు ఎవరూ తినకూడదు.

కారణం పాదరసం. అక్కడ వేటాడేది పైలట్ తిమింగలమనే చిన్న రకాన్ని. అది ఆహార గొలుసులో పైమెట్టున ఉంటుంది, చాలా ఏళ్లు బతుకుతుంది. సముద్రంలో చేరిన పాదరసం దాని మాంసంలో పోగవుతుంది, పీసీబీల వంటి పారిశ్రామిక విష రసాయనాలు కొవ్వులో చేరతాయి. ఫారోలో 1986, 87లలో పుట్టిన వెయ్యి మంది పిల్లలను వైద్యులు బొడ్డుతాడు రక్తం తీసిన నాటి నుంచి గమనిస్తూ వచ్చారు. తల్లి కడుపులో పాదరసం ఎక్కువగా అందిన పిల్లలు ఏడేళ్ల వయసులో భాష, ఏకాగ్రత, జ్ఞాపకశక్తి పరీక్షల్లో వెనుకబడ్డారు. 2008లో ఆ దేశపు ప్రధాన వైద్యాధికారులే ఇక ఇది మనుషులు తినదగింది కాదన్నారు. తమ వంటింట్లో వండుకునేదాన్ని తమ డాక్టర్లే వద్దనడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఇక ఫోటోల సంగతి. నేనొకసారి ఒడ్డున నిలబడి చూశాను. తిమింగలాల మంద కనబడిందన్న కబురు అందగానే పడవలు బయలుదేరాయి, మందను మెల్లగా అఖాతంలోకి తోలుకొచ్చాయి. ప్రభుత్వం అనుమతించిన అఖాతాల్లోనే వేటాడాలి. 2015 నుంచి శిక్షణ పొందినవారే చంపాలి. శ్వాసరంధ్రంలో మొండి కొక్కెం వేసి పట్టుకుంటారు, ప్రత్యేకమైన ఈటెతో వెన్నుపాము తెంపుతారు, తర్వాత మెడ రక్తనాళాలు కోస్తారు. నీళ్లు ఎర్రబడేది అందుకే. చావు క్షణాల్లో అయిపోతుందని వాళ్లు అంటారు. సరే, కానీ అంతకుముందు గంటల తరబడి తరమడం సంగతేమిటి? పిల్లలు, చూలు తల్లులు సహా మంద మొత్తాన్ని తుడిచిపెట్టడం సంగతేమిటి? నన్ను కలచివేసింది రక్తం కంటే ఈ రెండే.

మాంసం మాత్రం వ్యాపారం కోసం కాదు. తిమింగలాలను కొలిపించి షెరీఫ్ (ఆ జిల్లా అధికారి) కార్యాలయం వాటాలు పంచుతుంది. వేటలో దిగినవారికి, ఆ ఊరివారికి ఉచితం. కొంత దుకాణాల్లో అమ్ముడుపోతుంది, అదీ నిజమే. 1584 నాటి నుంచి లెక్కలు రాసిపెట్టి ఉన్నాయి. ఏటా సగటున ఏడెనిమిది వందలు చంపుతారు. ఉత్తర అట్లాంటిక్‌లో ఇవి లక్షల్లో ఉన్నాయి కాబట్టి జాతి అంతరించిపోతుందన్న వాదన ఇక్కడ నిలవదు.

నేను తిన్నానా? తిన్నాను. మాంసం దాదాపు నల్లగా ఉంటుంది, కాలేయం రుచికి దగ్గర. పక్కన ఉడికించిన బంగాళదుంప, తెల్లటి కొవ్వు ముక్క. ఎండబెట్టినదైతే మన ఉప్పు చేపలాగా ఇల్లంతా వాసన కొడుతుంది.

లెక్కల మాస్టారు:
ఉత్తరపుగాలి గారూ, సగటు చెప్పారు బాగానే ఉంది. 2021 సెప్టెంబరు 12 సంగతి వదిలేశారేం? ఫారోలోనే స్కాలబోట్నూర్ తీరంలో ఇలాగే తరిమి ఒక్కరోజే 1,428 డాల్ఫిన్లను చంపారు. యాభై వేల చిల్లర జనాభాకు అంత మాంసం ఎందుకు?

ఉత్తరపుగాలి:
మాస్టారూ, దాన్ని నేను సమర్థించను. వేటను వెనకేసుకొచ్చేవాళ్లే ఆ రోజు తప్పుబట్టారు. చంపేవాళ్లు తక్కువ, మంద పెద్దది, చాలా డాల్ఫిన్లు ఒడ్డున నలిగిపోయాయి. తర్వాత ప్రభుత్వం 2022, 2023లకు ఆ డాల్ఫిన్లకు ఏడాదికి 500 అని తాత్కాలిక పరిమితి పెట్టింది. నా దృష్టిలో ఆ 500 కూడా ఎక్కువే. నల్లమల గారికి ఒక మాట: తిమింగలాల వేటపై 1986 నుంచి ఉన్న అంతర్జాతీయ నిషేధం పెద్ద తిమింగలాలకే వర్తిస్తుంది, పైలట్ తిమింగలాలకు కాదు. కాబట్టి ఇది చట్టవిరుద్ధం కాదు. తప్పా ఒప్పా అన్నది మీరూ నేనూ తగువులాడుకోవచ్చు.

కోపెన్‌హాగెన్ కోడలు:
చాలా థ్యాంక్స్ అన్నయ్యా. ఆవిడతో ఇవాళే చెప్పేస్తాను. మా ఆయన మాత్రం రుచి చూస్తానంటున్నారు.

ఉత్తరపుగాలి:
బావగారు రెండు ముక్కలతో ఆపేస్తే ఫర్వాలేదు. మీరు పిల్లల సంగతి నేరుగా చెప్పండి, ఆ పెద్దావిడ మనసు నొచ్చుకోరు. ఈ సలహా అక్కడ ఆడవాళ్లందరికీ తెలుసు. బదులుగా గాలికి ఆరబెట్టిన గొర్రె మాంసం పెడతారు. దాని వాసనకు సిద్ధపడి వెళ్లండి.