రెండు సిస్టమ్‌ల మధ్య తిరిగేవాళ్ల తిప్పలు: మీకేం ఎదురయ్యాయి?

కీబోర్డు_కష్టాలు:
పగలు ఆఫీసులో విండోస్, రాత్రి ఇంట్లో మ్యాక్. మూడేళ్లయినా వేళ్లకు ఇంకా పట్టుబడలేదు. ఫైల్ తెరుద్దామని ఎంటర్ కొడితే మ్యాక్ పేరు మార్చుకోమంటుంది. ఎర్ర బటన్ నొక్కితే కిటికీ మూతపడుతుంది గానీ ప్రోగ్రామ్ లోపల నడుస్తూనే ఉంటుంది. ఇవన్నీ నవ్వుకుని వదిలేసే సంగతులు.

నిన్న జరిగింది అలాంటిది కాదు. ఇంట్లో 'ఫొటోలు' అని ఒక ఫోల్డర్ ఉంది. పెన్‌డ్రైవ్‌లో అదే పేరుతో ఇంకోటి, అందులో 12 కొత్త ఫొటోలు. దాన్ని లాగి తెచ్చి పడేశాను. రీప్లేస్ చేయనా అంది, సరే అన్నాను. కొత్తవి పాతవాటిలో కలిసిపోతాయనుకున్నాను. తీరా చూస్తే ఆ 12 మాత్రమే ఉన్నాయి! పాతవి ట్రాష్‌లోనూ లేవు. చదవకుండా నొక్కిన తప్పు నాదే, కాదనను. ఇలా ఇంకెవరికైనా జరిగిందా?

టెర్మినల్_ప్రియం:
అయ్యో. ఒకే ప్రశ్నకు రెండు చోట్లా రెండు అర్థాలండీ. విండోస్‌లో ఫోల్డర్ మీద ఫోల్డర్ వేస్తే కలుపుతుంది. మ్యాక్‌లో రీప్లేస్ అంటే నిజంగానే పాతది తీసి కొత్తది పెట్టడం. ఆప్షన్ కీ పట్టుకుని లాగితే చాలాసార్లు మెర్జ్ (రెండూ కలుపు) అనే బటన్ కూడా కనిపిస్తుంది. ముందు ఆ డిస్క్ మీద కొత్తగా ఏమీ రాయకండి. మ్యాక్‌తో వచ్చే టైమ్ మెషీన్ తీసిపెట్టిన బ్యాకప్ ఉందేమో చూడండి.

రాత్రి_షిఫ్టు:
నాది పేర్ల గొడవ. నా మెషీన్‌లో బొమ్మలన్నీ చక్కగా కనిపిస్తున్న పేజీ, సర్వర్‌కి ఎక్కించగానే సగం బొమ్మలు మాయం. రెండు గంటలు కోడ్‌లో వెతికాను. తీరా చూస్తే ఫైల్ పేరు క్యాపిటల్‌తో మొదలైంది, కోడ్‌లో నేను చిన్నక్షరంతో రాశాను. విండోస్, మ్యాక్ మామూలుగా ఈ తేడా పట్టించుకోవు. సర్వర్‌లో ఉన్నది లైనక్స్ అనే ఇంకో సిస్టమ్, దానికి అవి రెండు వేర్వేరు ఫైళ్లు.

సరేనని పేరు మారిస్తే, కోడ్ మార్పులన్నీ నమోదు చేసే గిట్‌కి ఆ మార్పే కనపడలేదు! ముందు వేరే పేరు పెట్టి కమిట్ చేసి, మళ్లీ అసలు పేరుకి మార్చాకే దారికొచ్చింది. అప్పటినుంచి అన్నీ చిన్నక్షరాలే, ఖాళీల బదులు హైఫన్లే.

పాత_మౌస్:
పేర్లంటే గుర్తొచ్చింది. విండోస్‌లో 'కాన్', 'ఆక్స్', 'నల్' అని ఇంగ్లిష్‌లో ఫైల్ పేరు పెట్టి చూడండి, ఒప్పుకోదు. విండోస్‌కి ముందున్న డాస్ రోజుల్లో అవి పరికరాల పేర్లు. ఆ బరువు ఇంకా మోస్తూనే ఉంది.

ఇంతకంటే విచిత్రం ఎక్సెల్‌లో ఉంది. ఒక గడిలో 60 కొట్టి తేదీగా మార్చండి. 1900 ఫిబ్రవరి 29 అని చూపిస్తుంది. అసలు ఆ రోజే లేదు, 1900 లీపు సంవత్సరం కాదు. లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్‌లో ఉన్న తప్పును, దాని ఫైళ్లతో లెక్కలు కుదరాలని తెలిసే ఉంచేశారు. అది పర్లేదు గానీ, మనం రాసిన పేర్లను తేదీలుగా మార్చేయడం ఉంది చూశారూ, దానికి పరిశోధకులే చేతులెత్తేశారు. 2020లో మానవ జన్యువుల పేర్లు ఖరారు చేసే కమిటీ 'మార్చ్ 1' అనే జన్యువును 'మార్చ్‌ఎఫ్ 1'గా మార్చింది. సాఫ్ట్‌వేర్ మారదని జన్యువు పేరు మార్చుకున్నారన్నమాట.

అక్షరదోషం:
మీవన్నీ ఇంగ్లిష్ కష్టాలు. తెలుగు టైప్ చేసేవాళ్ల సంగతి వినండి. 'స్త్రీ' చూడ్డానికి ఒక్క అక్షరం, లోపల కంప్యూటర్ లెక్కలో ఆరు. నా ఎడిటర్‌లో బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొడితే గుడిదీర్ఘం మాత్రమే పోయి 'స్త్ర' మిగులుతుంది. అదే ముందు నిలబడి డిలీట్ కొడితే మొత్తం ఎగిరిపోతుంది. ఇంకో ప్రోగ్రామ్‌లో ఇంకో రకం.

అసలు తలనొప్పి కంటికి కనపడనిది. 'సాఫ్ట్‌వేర్' అన్నప్పుడు ట కింద వ వత్తు పడకుండా మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అని కనపడని అక్షరం ఒకటి పెడతాం. కొన్ని కీబోర్డులు పెడతాయి, కొన్ని పెట్టవు. మొన్న నలుగురం కలిసి రాసిన ఫైల్లో ఆ మాట వెతికితే 11 చోట్లే దొరికింది. కళ్లతో లెక్కపెడితే 40 దాకా ఉన్నాయి. అన్నీ సరిచేసేసరికి ప్రాణం పోయింది.

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' కనిపిస్తే ఐఫోన్ యాప్‌లు కూలిపోయాయి, గుర్తుందా? అక్కడా దూరింది ఈ మహానుభావుడే. మామూలు 'జ్ఞా' కాదు, ఞకీ దీర్ఘానికీ మధ్య ఇది ఇరుక్కున్నది. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. అప్పుడు మా గ్రూపులో ఒకాయన సరదాకి అది పంపాడు. చదివినవాళ్లెవరూ సరదా పడలేదు.

రాత్రి_షిఫ్టు:
@అక్షరదోషం గారూ, వెతికేముందు ఆ అక్షరాన్నే ఫైండ్ పెట్టెలో పేస్ట్ చేసి అన్నిచోట్లా తీసేసిన కాపీ ఒకటి చేసుకోండి. వెతకడం ఆ కాపీలో. అచ్చుకి మాత్రం అసలుదే పంపాలి, లేకపోతే వత్తులు పడతాయి.

కీబోర్డు_కష్టాలు:
టైమ్ మెషీన్ బ్యాకప్ దొరికిందండీ! రెండు నెలల కిందటిది. పెళ్లి ఫొటోలు వచ్చేశాయి, ఆ తర్వాతవి కొన్ని పోయాయి. @టెర్మినల్_ప్రియం గారికి రుణపడ్డాను.

ఇంకో చిన్న సందేహం. ఇదే పెన్‌డ్రైవ్ టీవీకి పెడితే ప్రతి ఫొటో పేరూ రెండుసార్లు కనిపిస్తోంది. ఒకటి తెరుచుకోదు. పేరు ముందు చుక్క, అండర్‌స్కోర్ ఉన్నాయి. తీసేయొచ్చా? ఈసారి అడిగే నొక్కుతాను.

టెర్మినల్_ప్రియం:
తీసేయండి, ఫొటోలకేం కాదు. ఫైల్ గురించిన అదనపు వివరాలు దాచుకోవడానికి మ్యాక్ అలాంటి డ్రైవ్‌ల మీద పెట్టుకునే చిల్లర ఫైళ్లవి. కాకపోతే మళ్లీ మ్యాక్ నుంచి కాపీ చేస్తే మళ్లీ వస్తాయి. తీసేముందు సైజు చూడండి, కొద్ది కేబీలే ఉంటే అవే.