మావాడి పోలార్ ప్లంజ్ విరాళాలు: మనవాళ్ళని ఎలా అడగాలి?

ఎడిసన్ నాన్న
అందరికీ నమస్తే. మేం న్యూజెర్సీలో ఉంటాం, మావాడు టెన్త్ గ్రేడ్. మేధో వైకల్యం ఉన్నవాళ్ళకి ఆటల పోటీలు పెట్టే స్పెషల్ ఒలింపిక్స్ కోసం విరాళాలు పోగుచేసి, ఫిబ్రవరి చలిలో సీసైడ్ హైట్స్ బీచ్‌లో సముద్రంలోకి దిగే పోలార్ ప్లంజ్‌కి వాళ్ళ స్కూల్ టీమ్ పేరిచ్చింది. మన వాట్సాప్ గ్రూపుల్లో లింక్ పెడితే కొందరు జాలిపడి ఎంతో కొంత వేస్తున్నారు, కొందరు పారాలింపిక్సేనా అని అడుగుతున్నారు. జాలి చూపించి డబ్బు అడగడం మావాడికి అస్సలు ఇష్టం లేదు. ఏం చెప్పి అడగమంటారు? చలి గురించి వాళ్ళమ్మకి ఒకటే టెన్షన్.

ఓరుగల్లు
రెండూ వేరండి. పారాలింపిక్స్‌కి అర్హత మార్కు దాటిన కొద్దిమందే వెళ్తారు. మా వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024లో పారిస్‌లో 400 మీటర్ల టీ20 పరుగులో కాంస్యం గెలిచింది కదా, ఆ టీ20 మేధో వైకల్యం ఉన్నవాళ్ళ విభాగం. చిన్నప్పుడు ఊళ్ళో ఎన్ని మాటలు పడిందో అందరికీ తెలుసు. 1968లో షికాగోలో మొదలైన స్పెషల్ ఒలింపిక్స్‌లో మాత్రం బాగా ఆడేవాళ్ళూ, ఇప్పుడే నేర్చుకుంటున్నవాళ్ళూ అందరూ ఆడొచ్చు, వయసూ సామర్థ్యమూ చూసి సమానమైనవాళ్ళకే పోటీ పెడతారు. ఈ ముక్క రాసి లింక్ పెట్టమనండి.

బోచీ అమ్మ
మా అమ్మాయి ఇక్కడే బోచీ ఆడుతుంది. ముందు చిన్న బంతి వేస్తారు, పెద్ద బంతుల్ని దానికి ఎంత దగ్గరగా దొర్లిస్తే అంత మంచిది. విసిరే ముందు తను మోకాలు వంచి, బంతిని టీషర్టుకి తుడిచి, కళ్ళు చిన్నవి చేసి గురి చూస్తుంది, ఆ టైంలో ఎవరైనా మాట్లాడితే ఊరుకోదు. పిల్లల ఆటకి మేం ఫీజు కట్టక్కర్లేదు, గ్రౌండ్లకీ యూనిఫాంలకీ బస్సులకీ కోచ్‌ల శిక్షణకీ అయ్యే ఖర్చు ఇలాంటి విరాళాల నుంచే వస్తుంది, కళ్ళూ పళ్ళూ ఉచితంగా చూసే క్యాంపులు కూడా పెడతారు. పోస్టర్ మీద దిగాలు మొహాల ఫోటోలు మాత్రం వద్దు బాబూ, ఆడుతున్న ఫోటో పెట్టండి, అదీ వాళ్ళనీ ఇంట్లోవాళ్ళనీ అడిగాకే. ఇంకో మాట, మీవాడి స్కూల్లో యూనిఫైడ్ టీమ్ ఉందేమో కనుక్కోండి. అందులో వైకల్యం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే జట్టుగా ఆడతారు. మా అమ్మాయి పుట్టినరోజుకి మొదటిసారి క్లాస్‌మేట్లు ఇంటికొచ్చింది ఆ జట్టు వల్లే. డబ్బు ఇచ్చినవాళ్ళకి థాంక్స్ చెప్తాం, కలిసి ఆడినవాళ్ళని మాత్రం మా అమ్మాయి పేరు పెట్టి తలుచుకుంటుంది.

కోడింగ్ మామ
మనవాళ్ళు చాలామంది సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోనే కదా, ఎంప్లాయర్ మ్యాచింగ్ ఉందేమో చూసుకోమనండి, ఉంటే చాలా కంపెనీలు మనం వేసినంత తామూ వేస్తాయి. చాలామందికి ఆ ఫారం నింపడం గుర్తే ఉండదు. రసీదు పన్నులకి పనికొస్తుంది. చేతికి క్యాష్ తీసుకోకుండా అంతా టీమ్ పేజీలోనే వేయించండి, లెక్క తేలిగ్గా ఉంటుంది. చలి సంగతి: గుండె జబ్బు, ఆస్తమా లాంటివి ఉంటే డాక్టర్ని అడగకుండా దిగొద్దు. పాత బూట్లతో దిగమనండి, తల ముంచక్కర్లేదు, నడుము దాకా వెళ్ళి వచ్చేయొచ్చు. బయటికి రాగానే తడి బట్టలు మార్చి ఒళ్ళు తుడవాలి, కాబట్టి టవలూ పొడి బట్టలూ పట్టుకుని మీరు ఒడ్డునే ఉండండి.

ఎడిసన్ నాన్న
బోచీ అమ్మ గారూ, యూనిఫైడ్ సంగతి మాకు తెలీదండి. మావాడు సోమవారమే కోచ్‌ని అడుగుతానన్నాడు. లింక్ కింద రాసిందంతా చెరిపేసి, ఓరుగల్లు గారు చెప్పింది పెట్టాడు.