గొంతు రేడియేషన్‌లో ఉన్న నాన్నకి ప్రోటీన్ ఎలా అందించాలి?

నాన్నకి 63 ఏళ్ళు. గొంతు క్యాన్సర్‌కి రేడియేషన్ నడుస్తోంది, ఇది నాలుగో వారం. నోరంతా పూసింది, గుటక వేయాలంటే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. 58 కిలోల మనిషి 53కి వచ్చారు. డైటీషియన్ రోజుకి 1,700 క్యాలరీలు, 75 గ్రాముల ప్రోటీన్ కావాలన్నారు. గుడ్డుకి 6 గ్రాములే కదా, ఆ లెక్క ఎలా తేలుతుందో అర్థం కావట్లేదు.

చారు లేకుండా ముద్ద దిగని మనిషి ఇప్పుడు చింతపండు వాసనకే మొహం తిప్పేస్తున్నారు. నిన్న పెరుగన్నం మిక్సీలో వేసి, కాస్త వెన్న కలిపి ఇస్తే అర గ్లాసు తాగారు. రాగిజావ గరగరగా తగులుతోందట. ప్రోటీన్ పౌడర్ పాలలో కలిపితే "సుద్దనీళ్ళలా ఉందిరా" అని పక్కన పెట్టేశారు. చుట్టాలేమో గుడ్డు వేడి, పెరుగు పడదు అంటూ ఫోన్లు. డాక్టర్ గారు రెండూ పెట్టమన్నారు కాబట్టి ఆ మాటలు వదిలేశాను.

ఈ దశ దాటినవాళ్ళు చెప్పండి. కారం, పులుపు లేకుండా, నాలుగు గుక్కలు తాగినా బలం ఉండేవి ఏం చేసిపెట్టారు? పౌడర్ రుచి తెలియకుండా దేనిలో కలిపారు? బరువు ఇంకా తగ్గితే ముక్కులోంచి ట్యూబ్ వేద్దామంటున్నారు, నాన్న ససేమిరా అంటున్నారు. వేయించుకున్నవాళ్ళుంటే ఇంట్లో ఎలా చూసుకున్నారో కూడా రాయండి.