ఆల్మన్ బ్రదర్సా, లెనర్డ్ స్కినర్డా? వైజాగ్ రాక్ జనాలు కాస్త చెప్పండి

ఉక్కునగరం కుర్రోడు:
అందరికీ నమస్తే. నేను డీప్ పర్పుల్, లెడ్ జెప్లిన్ వింటూ పెరిగినోణ్ణి, మా నాన్న షిప్పులో చేసేవారు, వచ్చినప్పుడల్లా రెండు మూడు క్యాసెట్లు తెచ్చేవారు, 2014లో హుద్‌హుద్ రోజు కిటికీ అద్దాలు పగిలి షెల్ఫ్ మొత్తం తడిసిపోతే సగం పారేశాం, మిగిలినవి అట్టపెట్టెలో అటక మీద పడున్నాయి. మొన్న దించి చూస్తే ఒకదాని కవర్ మీద అక్షరాలన్నీ అలికేసినట్టున్నాయి, టేపు మాత్రం నలగలేదు. టేప్ రికార్డర్‌కి బెల్టు మార్పించి, పెన్సిల్‌తో రీలు బిగించి పెడితే అది ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్, ఫిల్‌మోర్ ఈస్ట్ లైవ్! అప్పట్నుంచి వేరేది వినబుద్ధి కావట్లేదు. ఫ్రెండ్స్‌ని అడిగితే సదరన్ రాక్ (అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పుట్టిన రాక్) అంటే లెనర్డ్ స్కినర్డ్ ఒక్కటే తెలుసంటున్నారు. రెండిట్లో మీకేది గొప్ప? ఇంకా ఎవర్ని వినాలి?

పెదవాల్తేరు నుంచి:
తమ్ముడూ, నా ఓటు కళ్ళు మూసుకుని ఆల్మన్‌కే. 1971 మార్చిలో న్యూయార్క్‌లో వాయించిన కచేరీ అది. రెండు ఎల్పీలు, నాలుగు వైపులు, కలిపి పాటలు ఏడే. ‘విప్పింగ్ పోస్ట్’ ఒక్కటే దాదాపు 23 నిమిషాలు, నాలుగో వైపంతా అదే. ఏంటి ఈ సాగదీత అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, మన పెళ్ళిళ్ళలో జంట సన్నాయి విన్నారు కదా, ఒకాయన ఎత్తుకుంటే రెండో ఆయన అందుకుంటాడు, కాసేపటికి ఇద్దరూ కలిసిపోతారు, అప్పుడు టైము చూస్తామా? డుయేన్ ఆల్మన్, డికీ బెట్స్ గిటార్లు అలాగే. కాకపోతే ఇద్దరూ ఒకే స్వరం పట్టుకోరు, ఒకరు కాస్త పైన ఒకరు కింద పక్కపక్కనే నడుస్తారు. వెనకాల డ్రమ్మర్లు కూడా ఇద్దరు, బుచ్ ట్రక్స్, జైమో. జైమో నల్లజాతి ఆయన. 1969లో అమెరికా దక్షిణాదిలో, జార్జియా లాంటి చోట నల్లవాళ్ళు తెల్లవాళ్ళు ఒకే బ్యాండ్‌గా తిరగడమంటే మాటలు కాదు.

డుయేన్ రొంప మాత్రల గాజు సీసా వేలికి తొడుక్కుని తీగల మీద జార్చేవాడు, గోటువాద్యం విన్న చెవికి ఆ జారు వెంటనే పట్టేస్తుంది. ఆ ఆల్బమ్ జులైలో వచ్చింది, అక్టోబరు 29న జార్జియాలోని మేకన్‌లో బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు, 24 ఏళ్ళు. 1972 నవంబరులో బేసిస్ట్ బెరీ ఓక్లీ కూడా అదే ఊళ్ళో, బైక్ మీదే, అదే వయసులో. ఇప్పటికీ ఆ టేపు వింటే గుండె బరువెక్కుతుంది నాకు.

గాజువాక గిటార్:
అన్నా, అన్నీ ఒప్పుకుంటా గానీ స్కినర్డ్‌ని అంత తేలిగ్గా పక్కనపెట్టొద్దు. ఆల్మన్ వాళ్ళది అప్పటికప్పుడు పుట్టే వాయింపు, వీళ్ళది ముందే కుదురుగా కట్టుకున్న పాట. గిటార్లు మూడుండి కూడా ఒకదాని మీద ఒకటి పడవు, అది ఎంత కష్టమో బ్యాండ్‌లో వాయించినవాళ్ళకి తెలుస్తుంది, మేం ఇద్దరం గిటారిస్టులం ఉంటేనే ప్రతి రిహార్సల్లో గొడవ. ఇంకోటి, వాళ్ళ సింగర్ రానీ వాన్ జాంట్ మామూలు మనిషి మాటలు పాడతాడు. ‘సింపుల్ మ్యాన్’ అంటే అమ్మ కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పే మాటలే. నేను మొదటి ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్తూ ట్రెయిన్లో విన్నా, దువ్వాడ దాటకముందే కళ్ళు నిండిపోయాయి. 1977 అక్టోబరు 20న వాళ్ళ విమానం ఫ్యూయల్ అయిపోయి మిసిసిపీలో కూలింది, రానీతో పాటు గిటారిస్ట్ స్టీవ్ గెయిన్స్, ఆయన అక్క కాసీ కూడా పోయారు, కొత్త ఆల్బమ్ రిలీజై అప్పటికి మూడు రోజులే. నాకైతే స్కినర్డే.

మద్దిలపాలెం నుంచి:
స్కినర్డ్ స్టేజీ మీద ఆ కాన్ఫెడరేట్ జెండా పెట్టుకోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు, బానిసత్వాన్ని కాపాడ్డానికి యుద్ధం చేసినవాళ్ళ గుర్తు అది, పాట బాగుంటే అన్నీ సరే అనలేను. అలా అని రానీకి, దక్షిణాదిలో జాతి వివక్షని తప్పుబడుతూ పాటలు కట్టిన సింగర్ నీల్ యంగ్ అంటే పగ అనుకునేవాళ్ళు మాత్రం పొరపాటు పడుతున్నారు, ‘స్వీట్ హోమ్ అలబామా’లో ఆయనకి జవాబు చెప్పినా తన చివరి ఆల్బమ్ కవర్ మీద వేసుకున్నది నీల్ యంగ్ టీషర్టే.
వినాల్సినవి అడిగావు కదా, జీజీ టాప్ 1973 ఆల్బమ్ ‘ట్రెస్ ఓంబ్రెస్’ విను, ముగ్గురే ఉండి అంత బరువైన సౌండ్ ఎలా తెచ్చారా అనిపిస్తుంది. ఫ్లూట్ ఇష్టమైతే మార్షల్ టకర్ బ్యాండ్. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ బ్యాండ్ వినగానే అందరూ సదరన్ అనుకుంటారు గానీ వాళ్ళది కాలిఫోర్నియా.

ఉక్కునగరం కుర్రోడు:
అందరికీ థాంక్యూ, ‘సింపుల్ మ్యాన్’ ఇప్పుడే విన్నా, గాజువాక బ్రదర్ చెప్పింది నిజం. జంట సన్నాయి మాట నాన్నకి చదివి వినిపిస్తే మళ్ళీ పెట్టమన్నారు, చివరిదాకా కదల్లేదు. ఒక డౌటు, టేపు రెండో వైపు చివర్లో గరగరమంటోంది, హెడ్ దేంతో తుడవాలి?

పెదవాల్తేరు నుంచి:
ఇయర్ బడ్‌కి కొంచెం స్పిరిట్ అద్ది మెల్లిగా తుడువు, నీళ్ళు మాత్రం వద్దు. పక్కనున్న రబ్బరు చక్రానికి కూడా మట్టి పట్టేసి ఉంటుంది చూడు. పూర్తిగా ఆరాకే క్యాసెట్ వెయ్యి, తొందరపడకు.