లెమెల్సన్ ఫౌండేషన్ చరిత్ర ఎలా రాయాలి? రెండు రకాల కథలు కనిపిస్తున్నాయి

చిట్టిప్రశ్న:
కాలేజీ పత్రిక కోసం ఆవిష్కర్తల పేరు మీద నడిచే కుటుంబ ఫౌండేషన్ల గురించి రాస్తున్నాను. నోబెల్ గురించి అందరూ రాసేస్తారని అమెరికాలోని లెమెల్సన్ ఫౌండేషన్‌ని ఎంచుకున్నా. ఇప్పుడు తల పట్టుకుని కూర్చున్నా. ఒకచోట జెరోమ్ లెమెల్సన్ అంటే 600కి పైగా పేటెంట్లు సాధించిన మేధావి. ఇంకోచోట ఏ వస్తువూ తయారుచేయకుండా కంపెనీల ముక్కు పిండి డబ్బు వసూలు చేసిన మనిషి. పైగా 2004లో ఈ ఫౌండేషన్ కోర్టులో ఓడిపోయిందట. ఓడిపోయిన సంస్థ ఇంకా గ్రాంట్లు ఎలా ఇస్తోంది? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పాతఫైలు:
ముందు 2004 సంగతి తేల్చేద్దాం, మిగతాది సులువవుతుంది. కోర్టులో ఓడింది ‘లెమెల్సన్ మెడికల్, ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ ఫౌండేషన్, లిమిటెడ్ పార్ట్‌నర్‌షిప్’. పేరు మధ్యలో ఫౌండేషన్ ఉంది కానీ, అసలు విషయం చివర్లో ఉంది. పేటెంట్లు దగ్గర పెట్టుకుని లైసెన్సులిచ్చి రాయల్టీ వసూలు చేసే భాగస్వామ్య సంస్థ అది. మీరు రాస్తున్నది జెరోమ్, ఆయన భార్య డొరతీ కలిసి 1990ల మొదట్లో పెట్టిన దాతృత్వ సంస్థ గురించి. దాని ఆఫీసు ఆరిగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఉంది. కుటుంబం ఒకటే, సొమ్ముకి మూలం కూడా ఆ పేటెంట్లే. అయినా తీర్పు వచ్చింది ఒకదాని మీద, గ్రాంట్లిచ్చేది ఇంకొకటి. చాలా వ్యాసాల్లో ఈ రెంటినీ కలిపేస్తారు.

ఇక మనిషి గురించి. 1923లో న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలండ్‌లో పుట్టాడు. తండ్రి డాక్టరు. న్యూయార్క్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివాడు. ఉద్యోగాలు కొన్నాళ్లే చేశాడు, తర్వాత బతుకంతా ఐడియాలు రాసుకోవడం, వాటికి పేటెంట్ల కోసం దరఖాస్తులు పెట్టుకోవడమే. న్యూజెర్సీలో కాపురం చాలాకాలం గడిచింది డొరతీ సంపాదన మీద. ఆవిడ ఇంటీరియర్ డిజైనర్. ఈ సంగతి మీ వ్యాసంలో తప్పకుండా ఉండాలి. ఫౌండేషన్ చరిత్రలో ఆవిడ భర్త పక్కన ఫొటోలో నిలబడిన మనిషి కాదు.

పెద్ద కంపెనీల మీద ఆయన కోపం ఎక్కడ మొదలైందో కూడా చూడండి. కార్న్‌ఫ్లేక్స్ లాంటి టిఫిన్ డబ్బా వెనకవైపు పిల్లలు కత్తిరించి పెట్టుకునే మాస్కు అచ్చేయొచ్చని ఒక పెద్ద కంపెనీకి చెప్పాడు. వాళ్లు వద్దన్నారు. తర్వాత అలాంటి మాస్కులే డబ్బాల మీదికి వచ్చాయి. కేసు వేసి ఓడిపోయాడు. బొమ్మ కార్ల ట్రాక్ మీద మాటెల్ కంపెనీతో తలపడితే 1989లో జ్యూరీ ఆయన వైపు నిలిచింది. 1992లో అప్పీలులో అదీ పోయింది. ఒంటరి ఆవిష్కర్తని పెద్ద కంపెనీలు మింగేస్తాయని ఆయన జీవితాంతం చెప్పిన మాటకి వెనకాల ఇలాంటివి ఉన్నాయి. ఫౌండేషన్ చేసిన పనంతా ఆ మాటకి కొనసాగింపే అనిపిస్తుంది నాకు.

1994లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో లెమెల్సన్ కార్యక్రమం పెట్టారు. 1995 నుంచి 2019 దాకా ఏటా ఆవిష్కర్తలకి 5 లక్షల డాలర్ల బహుమతి ఇచ్చారు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ (కంప్యూటర్ మౌస్ ఆయనదే) 1997లో అందుకున్నాడు. నాసిక్ నుంచి వెళ్లిన కెమెరా టెక్నాలజీ పరిశోధకుడు రమేశ్ రస్కర్‌కి 2016లో వచ్చింది. స్మిత్‌సోనియన్ వారి అమెరికన్ చరిత్ర మ్యూజియంలో లెమెల్సన్ సెంటర్ కూడా 1995లోనే మొదలైంది. ఆవిష్కర్తల నోటుబుక్కులు, స్కెచ్‌లు సేకరించి దాచడం దాని పనుల్లో ఒకటి. పేటెంట్ ఆఫీసుల చుట్టూ తిరిగినవాణ్ణి కాబట్టి నాకు బహుమతి కంటే ఇదే గొప్పగా కనిపిస్తుంది. చెత్తబుట్టలోకి పోయే కాగితాలవి. మన దగ్గర ఐఐటీ మద్రాసులో గ్రామీణ ఆవిష్కర్తలకు తోడ్పడే ఎల్-ర్యాంప్ అనే కార్యక్రమానికి కూడా ఈ ఫౌండేషన్ డబ్బిచ్చింది.

నట్లుబోల్టులు:
పాతఫైలు గారు మరీ మెత్తగా చెప్పారు. నేను ఫ్యాక్టరీ లైన్ల మీద కెమెరాలు బిగించే పనిలో ఉన్నా, ఇటువైపు కథ కూడా వినండి.

ఆయన అసలు దరఖాస్తులు 1954, 1956 నాటివి. వాటి ఆధారంగానే దశాబ్దాల తర్వాత కూడా కొత్త క్లెయిములు (పేటెంటులో ‘ఇది నాది’ అని హక్కు అడిగే వాక్యాలు) రాస్తూ పోయాడు. తారీఖు మాత్రం పాతదే. అప్పట్లో పేటెంటు గడువు మంజూరైన రోజు నుంచి 17 ఏళ్లు, కాబట్టి ఎంత ఆలస్యంగా మంజూరైతే అంత లాభం. ఈలోగా పరిశ్రమంతా బార్‌కోడ్ స్కానర్లు, మెషీన్ విజన్ (కెమెరాతో చూసి యంత్రమే వస్తువుల్ని పరీక్షించడం) వాడేస్తోంది. అప్పుడు నోటీసులు వచ్చాయి, అదీ స్కానర్ తయారుచేసేవాళ్లకి కాదు, కొనుక్కుని వాడుకునేవాళ్లకి! రాయల్టీల మొత్తం వంద కోట్ల డాలర్లు దాటింది.

తమ కస్టమర్లకి ఈ బెడద తప్పించడానికి ఇలాంటి స్కానర్లు, మెషీన్ విజన్ పరికరాలు తయారుచేసే సింబల్, కాగ్నెక్స్ కంపెనీలు కోర్టుకెక్కాయి. 2004 జనవరిలో నెవాడా ఫెడరల్ కోర్టు 14 పేటెంట్లు చెల్లుబాటు కావంది. కారణం 18 నుంచి 39 ఏళ్ల జాప్యం. అంతేకాదు, ఆయన రాసిన పద్ధతిలో వస్తువుని ముందే సరిగ్గా అమర్చి పెట్టాలి, ఇప్పటి స్కానర్లు అలా పనిచేయవు అని కూడా తేల్చింది. 2005లో అప్పీలు కోర్టు తీర్పుని ఖాయం చేసింది. గ్రాంట్ల జాబితా ఒక్కటే రాసి ఇది వదిలేస్తే వ్యాసం కరపత్రం అవుతుంది.

పాతఫైలు:
ఒప్పుకుంటా, అది రాయాల్సిందే. ఒక్క చేర్పు: క్లెయిములు అలా పొడిగించడం అప్పటి రూల్స్ ప్రకారం నేరం కాదు, వకీళ్లందరికీ తెలిసిన దారే. ఈయన దాన్ని చివరిదాకా లాగాడు. 1995 జూన్ 8 తర్వాత వేసిన దరఖాస్తులకి గడువు, దాఖలు తేదీ నుంచే 20 ఏళ్లని చట్టం మారింది. ఆ దారి మూసుకుపోయింది.

చిట్టిప్రశ్న:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. తీర్పు నాటికి ఆయన లేడు కదా? మరి నడిపించింది ఎవరు?

పాతఫైలు:
1997 అక్టోబరులో లివర్ క్యాన్సర్‌తో పోయాడు. తర్వాత డొరతీ, కొడుకులు ఎరిక్, రాబర్ట్ నడిపించారు. ఎరిక్‌ది ఆరిగన్‌లో వైన్ వ్యాపారం, రాబర్ట్ ఆంత్రొపాలజిస్టు (మానవ సమాజాల్ని అధ్యయనం చేసే శాస్త్రవేత్త). ఇద్దరిలో ఎవరూ తండ్రి దారి పట్టలేదు చూడండి.

ఇంకోటి, 5 లక్షల బహుమతి ఇప్పటికీ ఇస్తున్నారని రాయకండి. 2019లో గాలి నుంచి తాగునీరు తీసే ప్యానెళ్ల మీద పనిచేసిన కోడీ ఫ్రీసెన్‌కి ఇచ్చిందే ఆఖరుది. ఎంఐటీ కార్యక్రమం తర్వాత స్కూలు పిల్లల వైపు ఎక్కువగా మళ్లింది. హైస్కూలు జట్లకి ఏదైనా కొత్తది తయారుచేయమని డబ్బిచ్చే ‘ఇన్వెన్‌టీమ్స్’ చూడండి, పత్రిక చదివేది విద్యార్థులే కాబట్టి మీకు పనికొస్తుంది.