అప్‌డేట్: సుంకి ఘాట్‌లో ఆగిపోయే మా పద్మిని కారు జబ్బు దొరికింది

పోయిన నెల అడిగాను కదా, సాలూరు నుంచి జయపురం తిరిగొస్తుంటే మా 1984 ప్రీమియర్ పద్మిని కారు సుంకి ఘాట్ ఎక్కుతూ ఆగిపోతోందని, పావుగంట ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతోందని. ఎక్కువమంది ట్యాంకు నుంచి పెట్రోల్ లాగే ఫ్యూయల్ పంప్ పాడైందన్నారు. ఆ పంప్‌లో కదిలే పొర, అదే డయాఫ్రం, కిట్ మార్పించాను. రెండు రోజులు బాగుంది, మూడో రోజు మళ్లీ అదే కథ. పంప్ మీద తడిగుడ్డ వేస్తే స్టార్ట్ అయ్యేది, దాంతో వేపర్ లాక్, అంటే వేడికి పెట్రోల్ ఆవిరై పైపులో అడ్డుపడటం, అనే నమ్మాను.

చివరికి ఇక్కడి ముసలి మేస్త్రీ ఒకాయన పంప్ ముట్టుకోనేలేదు. పంప్‌లోకి వచ్చే పైపులో జానెడు పారదర్శక ట్యూబ్ కలిపి, ఇంజిన్ వేడెక్కేదాకా నడిపించి, "చూడు బాబూ" అన్నాడు. పెట్రోల్‌తో పాటు బుడగలు! పంప్ ముందున్న రబ్బరు గొట్టం క్లిప్పు కింద సన్నగా పగిలింది. అది పీల్చే వైపు కాబట్టి పెట్రోల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే మాకెవరికీ తడి కనబడలేదు. వేడికి పగులు తెరుచుకుని, చల్లబడితే మూసుకునేది కాబోలు.

ఇథనాల్ కలిపిన పెట్రోల్ పాత రబ్బరుకు పడదట. ఈసారి దానికి తట్టుకునే గొట్టమే వేయించాను, కొత్త క్లిప్పులతో. నిన్న మంచి ఎండలో, నలుగురం కూర్చుని, సాలూరు వెళ్లొచ్చాం. ఒక్కసారీ ఆగలేదు. డయాఫ్రం డబ్బులు మాత్రం దండగ.