సముద్ర గుర్రాలకు ఇంట్లో లైవ్ ఫుడ్ పెంచాల్సిందేనా? ఫ్రోజెన్ మైసిస్ చాలదా?

నురగ
అందరికీ నమస్కారం. ఎరెక్టస్ జాతి సముద్ర గుర్రాల జంటను తెచ్చుకుందామని తొట్టి సిద్ధం చేసుకుంటున్నాను. అవి పెంపకంలో పుట్టినవే. ఫ్రోజెన్ మైసిస్ (గడ్డకట్టించిన చిన్న రొయ్యలాంటి జీవులు) అలవాటైందని పెంచినవాళ్లు చెప్పారు. కానీ ఈ రంగంలో చాలాకాలంగా ఉన్న ఒకరు, "లైవ్ ఫుడ్, అంటే బతికున్న తిండి, పెంచడం రానివాళ్లు వాటి జోలికి వెళ్లకూడదు" అన్నారు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. నిజంగా అంత అవసరమా?

అలలగూడు
అవసరం లేదండి. సముద్రంలో పట్టినవే ఎక్కువగా దొరికిన రోజుల మాట అది. వాటిలో చాలావరకు కదలనిదాన్ని తిండిగానే గుర్తించేవి కావు, ఆకలితో చచ్చిపోయేవి. 2004 నుంచి సైటీస్ (అరుదైన జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) కింద సముద్ర గుర్రాల అంతర్జాతీయ వ్యాపారం మొత్తం నియంత్రణలోకి వచ్చింది. పెంపకంలో పుట్టినవాటికి చిన్నప్పుడే ఫ్రోజెన్ మైసిస్ నేర్పి మరీ ఇస్తున్నారు. నేను రోజుకు రెండుసార్లు ఒక గుల్లలో మైసిస్ వేస్తాను. అవి వచ్చి అక్కడే తింటాయి. మిగిలింది తీసేస్తాను. లైవ్ ఫుడ్‌తో పాటు రోగాలు తెచ్చే విబ్రియో బాక్టీరియా, కుట్టే చిన్న జీవులైన హైడ్రాయిడ్లు కూడా తొట్టిలోకి వస్తాయి. ఆ తలనొప్పి మీకెందుకు?

నాచుపందిరి
అలలగూడు గారూ, మామూలు రోజుల విషయంలో మీతో ఏకీభవిస్తాను. నా భయమంతా మామూలుగా లేని రోజుల గురించే.

సముద్ర గుర్రానికి జీర్ణాశయం లేదు, పళ్లు లేవు. మూతితో పీల్చుకున్నది పేగులోంచి త్వరగా బయటికి వెళ్లిపోతుంది. అందుకే దానికి మాటిమాటికీ తిండి కావాలి. నాలుగు రోజులు మానేస్తే మిగతా చేపల్లా తట్టుకోలేదు. నా దగ్గర ఒక మగది మందు వాడిన తర్వాత మైసిస్ ముట్టడం మానేసింది. ముందు పెట్టినా చూసి తల తిప్పుకునేది. పక్క తొట్టిలో పెద్ద ఆర్టీమియా (ఉప్పునీటిలో బతికే చిన్న రొయ్యలాంటి జీవులు) పెరుగుతున్నాయి కాబట్టి వాటిని వదిలాను. కదలిక కనపడగానే మెడ వంచి, గురి చూసి పీల్చింది. పది రోజులు అవే తిన్నది. తర్వాత ఆర్టీమియాల మధ్య ఒకటీ రెండూ మైసిస్ కలుపుతూ మళ్లీ పాత అలవాటులో పెట్టాను. ఆ రోజు నా దగ్గర అవి లేకపోతే దాన్ని పోగొట్టుకునేవాణ్ణి.

ఇందులో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. అంతకుముందు ఒకసారి, బతికున్నదైతే చాలనుకుని, ఏమీ తినిపించని ఆర్టీమియానే నెలల తరబడి వేశాను. రోజూ కడుపునిండా తిన్నాయి, అయినా సన్నబడ్డాయి. ఆర్టీమియాలో డీహెచ్‌ఏ అనే అవసరమైన ఒమేగా-3 కొవ్వు దాదాపు ఉండదు. దాని కడుపులో మనం ఏది పెడితే సముద్ర గుర్రానికి అందేది అదే. పొట్ట ఖాళీగా ఉన్న ఆర్టీమియా కంటే మంచి ఫ్రోజెన్ మైసిస్ ఎన్నో రెట్లు మేలు. లైవ్ ఫుడ్ గొప్పదంటున్న మనవాళ్లలో చాలామంది ఈ మాట చెప్పరు.

ఉప్పుగాలి
ఇంట్లో పెంచే శ్రమ ఎందుకు? సముద్రపు నీటిలో సన్నటి వల వేస్తే మైసిడ్లు (బతికున్న మైసిస్) దొరుకుతాయి. అవి సహజంగా తినేది అదే కదా.

నాచుపందిరి
పోషణ పరంగా అంతకు మించింది లేదు, నిజమే. కానీ ఆ నీటిలో ఏ పరాన్నజీవి ఉందో, ఏ పురుగుమందు కలిసిందో తెలియదు. ఆర్టీమియా ఉండేది బాగా ఉప్పెక్కువైన నీటిలో. సముద్రపు చేపల రోగాలు దానితో వచ్చే అవకాశం తక్కువ. పట్టి తెచ్చిన మైసిడ్లను నేను నేరుగా వెయ్యను. తెచ్చి పెంచుదామన్నా తేలిక కాదు, పెద్దవి పిల్లల్ని తినేస్తాయి. విడదీస్తూ ఉండాలి, పైగా వాటికి రోజూ ఆర్టీమియా పిల్లలు వెయ్యాలి. ఒకదాని తిండి కోసం ఇంకోదాన్ని పెంచాలి.

అలలగూడు
మీ మగదాని అనుభవం చదివాక ఒక మెట్టు దిగుతున్నాను. అత్యవసరానికి ఆర్టీమియా ఉండాలి, సరే. అయినా "రానివాళ్లు పెంచకూడదు" అనే మాటను మాత్రం ఒప్పుకోను. దానికి భయపడి జనం ఆగరు. అడగకుండా తెచ్చుకుంటారు.

నురగ
మరి పిల్లలు పుడితే?

నాచుపందిరి
అక్కడ మాత్రం రాజీ లేదండి. మగదాని సంచిలోంచి ఒకే కాన్పులో వందల పిల్లలు వస్తాయి. పుట్టిన రోజు నుంచే తిండి వెతుకుతాయి, ఫ్రోజెన్ ముట్టవు. ఎరెక్టస్ పిల్లలు కాస్త పెద్దవి కాబట్టి అప్పుడే పొదిగిన ఆర్టీమియా తినగలవు. రీడై అనే ఇంకో జాతి పిల్లలైతే ఇంకా చిన్నవి, వాటికి కోపెపాడ్లు (నీటిలో ఉండే అతి చిన్న జీవులు) కావాలి.

ఆర్టీమియా గుడ్లు 28 డిగ్రీల దగ్గర, గాలి బాగా కొడుతుంటే సుమారు 24 గంటల్లో పొదుగుతాయి. పొదిగిన తొలి గంటల్లో వాటికి నోరు తెరుచుకోదు. అప్పుడు పోషకాలు కలిపినా ప్రయోజనం లేదు. అప్పుడే వేసేయండి, సొంత పచ్చసొన బలం ఉంటుంది. లేదా సుమారు 8 గంటలు ఆగి, మరో 12 గంటలు పోషకాలు పట్టించి వేయండి. ఈ రెండింటికీ మధ్యలో వేస్తే దక్కేది తక్కువ. ఆర్టీమియా గుడ్డు పెంకులు సముద్ర గుర్రం పిల్లల పేగులో అడ్డుపడతాయి, పొదిగించే ముందే బ్లీచ్‌తో పెంకు తీసేయాలి. తర్వాత క్లోరిన్ పోయేదాకా కడగాలి.

నురగ
అయితే జంటను ఇప్పుడే తేను. ముందు రెండు నెలలు ఆర్టీమియా పొదిగించడం, పెద్దవి చేయడం నేర్చుకుంటాను. పక్కనే టిస్బె రకం కోపెపాడ్ల సీసా ఒకటి మొదలుపెడతాను. రోజువారీ తిండి మాత్రం ఫ్రోజెన్ మైసిసే.

అలలగూడు
మంచి ఆలోచన. సీసా ఒకటి కాదు, రెండు పెట్టండి. కోపెపాడ్లు ఒక్కోసారి కారణం తెలియకుండానే రాత్రికి రాత్రి పోతాయి. ఆర్టీమియాకు వాడిన వల, గొట్టం వాటిలో ముంచకండి. ఆర్టీమియా పిల్లలు అందులో పడితే కోపెపాడ్ల కోసం వేసిన నాచంతా అవే తినేస్తాయి.